ఆర్చీ కడదామంటారు మావాళ్ళు

సంక్రాంతికి మా పెద్దింట్లో అరిసెల పాకం కంటే ముందు తేలాల్సింది ట్రస్టు మీటింగు. ట్రస్టంటే పెద్ద మాటే. తాతయ్య పోయేముందు కాలవ గట్టు పక్కనున్న పొలం చెక్క అమ్మి, ఆ సొమ్ము బ్యాంకులో వేసి, అది సర్కారు బడులకే ఖర్చు పెట్టాలని డీడు రాయించాడు. కృష్ణా డెల్టాలో ఇలాంటి ఇంటి ట్రస్టులు చాలానే ఉన్నాయి, మాది వాటిలో చిన్నది. ఏడాదికి వడ్డీగా చేతికొచ్చేది విజయవాడలో ఇద్దరు పిల్లల ఇంటర్ ఫీజుకూ హాస్టలుకూ సరిపోతుందేమో. ఆ కాస్త సొమ్ము ఎక్కడ పెట్టాలన్నదాని మీద బాబాయి, పెద్దత్తయ్య, అట్లాంటా నుంచి వీడియోలో తమ్ముడు, నేను ఏటా గొంతులు పెంచుకుంటాం. బ్యాంకు ఉద్యోగిని కాబట్టి లెక్కలు నా మీద పడ్డాయి. లెక్కలతో పాటు అందరి అలకలూ.

ఈసారి బాబాయి తెచ్చిన ప్రతిపాదన ఆర్చీ. హైస్కూలు గేటు మీద సిమెంటు ఆర్చీ, పైన సరస్వతి బొమ్మ, కింద తాతయ్య నానమ్మల పేర్లు. "రోడ్డున పోయే ప్రతివాడికీ కనపడుద్దే అమ్మాయ్" అన్నాడు. కనపడుతుంది, కాదనను. బడి లోపల ఉన్నవాళ్ళకు అది చేసేదేమిటని అడిగితే, "అన్నీ లోపలివాళ్ళకేనా, ఇచ్చినవాడికి కాస్త తృప్తి ఉండొద్దా?" అన్నాడు. ఆ మాట అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. తృప్తి లేకపోతే ఎవరూ ఇవ్వరు.

అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఆ రోజు చెబుతుంటే, భోజనాల వేళ కాబట్టి సగంలో ఆగింది, ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. ఇంటి సొమ్ము సర్కారు బడికి ఇచ్చేటప్పుడు నేను చూసేది ఒక్కటే: ఆ రూపాయి వెనక సర్కారు రూపాయి కదిలి వస్తుందా, ఊరి చెయ్యి కదిలి వస్తుందా? వస్తే ఇవ్వాలి. మన రూపాయి ఒక్కటే వెళ్ళి గోడకు అతుక్కుని కూచునేదైతే ఇవ్వకపోయినా నష్టం లేదు.

దాతలకు ఇష్టమైన వస్తువులు కొన్ని ఉన్నాయి. ఆర్వో ప్లాంటు, ఫ్యాన్లు, స్టేజీ, విగ్రహం, కంప్యూటర్లు, పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్ళకు నగదు బహుమతి. గుళ్ళో ట్యూబులైటు మీద దాత వంశవృక్షమంతా రాసి వెలుతురు రాకుండా చేసిన జోకు అందరికీ తెలిసిందే. బడుల్లో అది ఫ్యాను రెక్కల మీదికి ఎక్కింది. ఫ్యాను ఆగితేనే పేరు చదవగలం. అందుకేనేమో చాలాచోట్ల ఆగే ఉంటాయి.

ఆర్వో ప్లాంటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మంచి ఉద్దేశంతో ఇచ్చేది. సముద్రానికి దగ్గరి డెల్టా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన, పిల్లలకు తాగునీళ్ళు కావాలనుకోవడం న్యాయం. ప్రారంభోత్సవం రోజు రిబ్బను, కొబ్బరికాయ, జిల్లా ఎడిషన్లో ఫోటో. తర్వాత అసలు ఖర్చు మొదలవుతుంది. కార్ట్రిడ్జిలు నెలల్లోనే మార్చాలి. ఉప్పు నీళ్ళకు మెంబ్రేను ఎక్కువ కాలం ఆగదు. మోటారు కాలుతుంది. వడపోతలో వదిలేసే నీళ్ళు పోయే దారి ముందే ఆలోచించకపోతే వంటగది వెనక బురదగుంట తయారవుతుంది. ఇవన్నీ ఎవరు చూడాలి? దాత ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. హెచ్చెం దగ్గర ఆ పద్దుకు డబ్బు లేదు. మా పక్క మండలంలో ఒక బడిలో ఆ ప్లాంటు గదిని ఆటసామాన్ల గది చేసుకున్నారు. పిల్లలు ఇళ్ళ నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకుంటున్నారు. గోడ మీద పాలరాతి ఫలకం కొత్తగా మెరుస్తోంది. ప్లాంటు ఇవ్వకుండా, ఉన్న ప్లాంటుకు పదేళ్ళపాటు కార్ట్రిడ్జిలూ మెంబ్రేనూ మార్పిస్తామని ఎవరన్నా ముందుకొస్తే ఆ బడి ఎంత మారేదో. కానీ కార్ట్రిడ్జికి ప్రారంభోత్సవం ఉండదు.

బహుమతుల సంగతి ఎత్తితే పెద్దత్తయ్యకు కోపం వస్తుంది, అవి ఆవిడ మొదలుపెట్టినవి. ఫస్టు వచ్చే పిల్ల మా బహుమతి లేకపోయినా ఫస్టే వస్తుంది. లెక్కల్లో 35 దగ్గర ఊగిసలాడే పిల్లాడికి ఆ స్టేజీ మీద పనిలేదు. ఇంతకంటే ఇక్కడ రాయను. ఆవిడ ఇది చదువుతుంది.

ఇంతకీ బడికి సర్కారు నుంచి ఏం వస్తుంది? దాతల్లో ఎక్కువమంది ఈ ప్రశ్న వెయ్యకుండానే చెక్కు రాస్తారు. సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద ఏటా కాంపోజిట్ గ్రాంటని ఒకటి ఉంది, పిల్లల సంఖ్యను బట్టి ఇస్తారు. 30 మంది లోపుంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోనే. పదో వంతు శుభ్రతకు పెట్టాలి. ఇరవై ఐదుమంది పిల్లలున్న ఎలిమెంటరీ స్కూలుకు ఏడాదికి పదివేలంటే నెలకు ఎనిమిది వందల చిల్లర.

భవనాల మాటకొస్తే, ఆంధ్రలో 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టిన నాడు–నేడు తొలి విడతలోనే 15,715 బడులు తీసుకున్నారు. నీళ్ళొచ్చే మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు, ప్రహరీ. పని పేరెంట్స్ కమిటీల చేతుల మీదుగా చేయించారు. ఆ పథకం మీద, చేసిన ప్రభుత్వం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది, మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. నాకు కావలసిన ముక్క వేరు. కోట్లు పెట్టి మరుగుదొడ్లు కట్టాక వాటిని రోజూ కడిగేదెవరన్న ప్రశ్న వచ్చింది. దానికి దొరికిన జవాబు చూడండి. అమ్మఒడి కింద తల్లికిచ్చే 15,000లోంచి 2021లో వెయ్యి మినహాయించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి అన్నారు. మరుసటి ఏడాదికి మినహాయింపు రెండువేలైంది. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనమైంది, 2025లో కూడా తల్లి ఖాతాలో 13,000, బడికి 2,000. దొడ్లు కడిగే ఆయాకు నెలకు 6,000 రూపాయలు ఈ సొమ్ములోంచే.

అంటే సర్కారు కట్టింది, కడిగే ఖర్చు తల్లుల వాటాలోంచి పోతోంది. రెండు ప్రభుత్వాలూ ఒకే దారి పట్టాయంటే వేరే దారి వాళ్ళకు తోచలేదనే అర్థం. ఆడపిల్లలు పొద్దున వచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉండటానికి కారణం దొడ్డి లేకపోవడం కాదిప్పుడు. ఉన్న దొడ్డికి గొళ్ళెం ఊడిపోవడం, వాడిన ప్యాడు పడెయ్యడానికి మూతున్న బుట్ట లేకపోవడం, ఫినాయిలు అయిపోవడం. ఇవన్నీ కలిపినా ఆర్చీలో ఒక స్తంభం ఖర్చు కాదు.

ఆయా జీతం ఏ నెలన్నా ఆలస్యమైతే, ఆ నెలకు ట్రస్టు నుంచి చేబదులు ఇద్దామని నేను చెప్పాను. విరాళం కాదు. నిధులొచ్చాక కమిటీ తిరిగి జమ చెయ్యాలి, అదే సొమ్ము మళ్ళీ ఇంకో నెలకు పనికొస్తుంది. ఆడిటరు గారు తల గోక్కున్నారు, ఇంకా చూస్తున్నారు.

ఇక్కడ నా స్నేహితురాలి అభ్యంతరం చెప్పాలి. తను ప్రభుత్వ టీచరు, యూనియన్లో గట్టిగా ఉండే మనిషి. "మీ దాతలంతా కలిసి సర్కారును సోమరిని చేస్తున్నారు" అంటుంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఏమేం ఉండాలో రాసిపెట్టింది. అది పౌరుల హక్కు, ఎవరి దయా అక్కర్లేదు. మీరు బల్లలిస్తే బల్లల పద్దు తగ్గిస్తారు, మీరు ఒక విద్యా వాలంటీరుకు జీతమిస్తే ఆ పోస్టు ఖాళీగానే ఉంచుతారు. పైగా పెద్ద రోడ్డు మీదున్న ఊరికి, విదేశాల్లో పిల్లలున్న ఊరికి దాతలు దొరుకుతారు. ఏజెన్సీలో గూడేనికి ఎవరు దొరుకుతారు? ఆమె మాటల్లో నేను కాదనగలిగింది ఒక్కటీ లేదు. మరి ఇవ్వడం మానెయ్యాలా అంటే, ఈ ప్రశ్నకు వందేళ్ళ కింద వేరే దేశంలో ఒకాయన వెతికిన జవాబు ఉంది. పూర్తి జవాబు కాదు గానీ, నేను చదివినవాటిలో దీనికి దగ్గరగా వచ్చింది అదొక్కటే.

అమెరికాలో జూలియస్ రోజెన్‌వాల్డ్ అని, ఇంటింటికీ కేటలాగు పంపి సరుకులమ్మే సియర్స్ రోబక్ కంపెనీని నడిపినాయన. 1912లో యాభయ్యో పుట్టినరోజుకు చాలా సంస్థలకు దానాలిచ్చాడు. అందులో 25,000 డాలర్లు అలబామాలోని టస్కిగీ విద్యాసంస్థకు వెళ్ళాయి. దాన్ని నడిపే బుకర్ టి. వాషింగ్టన్ బానిస కుటుంబంలో పుట్టి పెరిగినవాడు. అందులో మిగిలిన కొద్ది సొమ్ముతో పల్లెల్లో నల్లజాతి పిల్లలకు ఆరు చిన్న బడులు కట్టి చూస్తామని ఆయన అడిగాడు, రోజెన్‌వాల్డ్ సరేనన్నాడు. మొదటిది లోచపోకా అనే ఊళ్ళో 1913లో పూర్తయింది. 1917లో ఇది ఒక నిధిగా స్థిరపడింది. 1932కల్లా దక్షిణాదిలోని 15 రాష్ట్రాల్లో 4,977 బడులు, వాటితో పాటు టీచర్లకు 217 ఇళ్ళు, 163 వృత్తిపనుల షెడ్లు లేచాయి.

ఆ బడులకు అయిన ఖర్చు ఎవరెవరిదో చూస్తే నా వాదన మొత్తం అక్కడే ఉంది. మొత్తం 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది సుమారు 44 లక్షలు, అంటే నూటికి పదిహేను. నల్లవాళ్ళు తమలో తాము చందాలేసుకుని ఇచ్చింది 47 లక్షలు, దాతకంటే ఎక్కువ. తెల్లవాళ్ళ చందాలు 12 లక్షలు. మిగతా 1 కోటి 81 లక్షలు పన్నుల సొమ్ము, సర్కారుది. నల్ల పిల్లలకు బడి అనగానే మొహం తిప్పుకునే రాష్ట్రాల ఖజానాల నుంచి ఆ సొమ్ము రాబట్టారు. ఎలాగంటే, షరతులు పెట్టారు. ముందు ఊరివాళ్ళు తమ వాటా డబ్బుగానో, కలపగానో, ఒళ్ళొంచిన పనిగానో చూపించాలి. స్థలం, కట్టిన బడి సర్కారు విద్యాశాఖ పేరున రాసివ్వాలి. నడపాల్సింది, టీచరుకు జీతమివ్వాల్సింది వాళ్ళే. దాత చెక్కు వీటన్నిటి తర్వాత. తన పేరు పెట్టమని ఆయన షరతు పెట్టలేదు. జనమే వాటిని రోజెన్‌వాల్డ్ బడులన్నారు.

ఊళ్ళ వాటా ఎలా వచ్చిందో చదివితే మన పల్లెటూళ్ళే గుర్తొస్తాయి. కోళ్ళమ్మారు, విందులు పెట్టి చందాలు పోగుచేశారు, పత్తి చేలో ఒక ముక్క బడి పేరున విడిచి దాని మీద పంట బడికిచ్చారు. ప్లాన్లు కూడా ఇష్టమొచ్చినట్టు గీసినవి కావు. కరెంటు లేని పల్లెలని, వెలుతురు ఏ పక్క నుంచి పడాలో చూసి వరసగా పెద్ద పెద్ద కిటికీలు పెట్టారు. ఆ బడుల్లో చదివినవాళ్ళలో తర్వాతి కాలపు పౌరహక్కుల నాయకుడు జాన్ లూయిస్ ఉన్నాడు. షికాగో ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలిద్దరు జనాభా లెక్కలు తవ్వి 2011లో తేల్చిందేమంటే, ఆ తరంలో పల్లెల నల్ల పిల్లల చదువు పెరగడంలో చెప్పుకోదగ్గ వాటా ఈ బడులదే.

నా స్నేహితురాలికి ఈ కథ చెబితే ఊరుకుంటుందా? "పన్ను కట్టినవాళ్ళచేత మళ్ళీ చందా కట్టించారన్నమాట" అంది. చరిత్రకారులూ అదే అన్నారు, అది రెండోసారి పన్నేనని. నల్లవాళ్ళు కట్టిన పన్నుతో తెల్ల పిల్లల బడులు నడిచాయి, తమ పిల్లల బడికి మళ్ళీ కోళ్ళమ్ముకోవాల్సి వచ్చింది. పైగా ఈ నిధి నల్ల, తెల్ల పిల్లలకు వేర్వేరు బడులన్న పద్ధతి జోలికి పోలేదు, దాని లోపలే మెరుగైన బడులు కట్టింది. ఆ పద్ధతిని కోర్టు కొట్టేసింది 1954లో. దానం వల్ల న్యాయం జరగదన్న మాట నేను ఒప్పుకుంటాను. అయితే 1913లో ఆరేళ్ళున్న పిల్ల 1954 దాకా ఆగలేదు కదా. ఆ పిల్లకు బడి కావాలి, ఆ బడి సర్కారుదై ఉండాలి, సర్కారు దాన్ని వదిలించుకోలేకుండా ఉండాలి. ఈ మూడూ ఒకేసారి కుదిరేలా షరతు రాయడం చెక్కు రాయడం కంటే కష్టం.

మనకూ ఇది కొత్తేం కాదు. 1997లో మొదలైన జన్మభూమిలో ఊరు వాటా కడితేనే పని అన్న షరతు ఉండేది. శ్రమదానాల ఫోటోల వెనక ఎంత గోల్‌మాల్ ఉన్నా, వాటా కట్టిన గది మీద ఊరికి ఒక హక్కు ఉండేదని తాతయ్య అనేవాడు. ఆ తర్వాత వచ్చిన పథకాల్లో దాత పేరుకు రేటు కట్టడం పెరిగింది. తెలంగాణలో 2022లో మొదలుపెట్టిన మన ఊరు – మన బడిలో 10 లక్షలిస్తే తరగతి గదికి, కోటి ఇస్తే బడికి దాత చెప్పిన పేరు పెడతామన్నారు. పేరు పెట్టుకోండి, తప్పులేదు. ఆ కోటి వెనక సర్కారు ఇంకేం చేస్తుందో అదే కాగితం మీద రాయించుకోండి అంటాను.

డబ్బు ఎక్కువుంటే షరతులు బాగా రాస్తారనుకోవడానికీ లేదు. 2010లో మార్క్ జుకర్‌బర్గ్ న్యూజెర్సీలోని న్యూఆర్క్ బడులకు 10 కోట్ల డాలర్లు ఇస్తున్నట్టు టీవీ షోలో ప్రకటించాడు, దానికి మిగతా దాతలు మరో 10 కోట్లు కలిపారు. ఆ ఊరి తల్లిదండ్రులు చాలామంది సంగతి టీవీలోనే తెలుసుకున్నారు. కన్సల్టెంట్లకే 2 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. కొన్ని మార్కులు పెరిగాయి, కొన్ని పెరగలేదు, ఊరు మాత్రం చాలాకాలం మండిపడింది.

మా ఇంటి స్థాయికి దిగి మాట్లాడుకుందాం. మా ట్రస్టు చేసిన ఖర్చుల్లో నేను గట్టిగా సమర్థించేది ఎన్‌ఎంఎంఎస్ మీద పెట్టింది. అంటే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. ప్రభుత్వ, పంచాయతీరాజ్, మునిసిపల్, ఎయిడెడ్ బడుల పిల్లలకే. గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల పిల్లలకు లేదు. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్ళకు 48,000, కేంద్రం నేరుగా పిల్ల ఖాతాలో వేస్తుంది. దేశం మొత్తం మీద ఏటా లక్షమందికి.

పరీక్షలో రెండు పేపర్లు, 90 ప్రశ్నలొకటి, 90 ప్రశ్నలొకటి. రెండోది మామూలు పాఠాలే. మొదటిది మెంటల్ ఎబిలిటీ. బొమ్మలు, వరసలు, కోడింగు. ఇది ఏ తరగతిలోనూ చెప్పరు, అలవాటు లేని పిల్ల చూసి బెదురుతుంది, అలవాటైన పిల్ల ఆడుతూ చేస్తుంది. అలవాటుకు కావలసినవి మోడల్ పేపర్ల పుస్తకాలు, బడి వదిలాక ఓ గంట ఉండి చెప్పే మాష్టారు, ఆ గంటకు ఆకలెయ్యకుండా గుగ్గిళ్ళో అరటిపళ్ళో. మాష్టారు దొరికాడు, లెక్కలాయన, డబ్బు వద్దన్నాడు. పుస్తకాలకు, గుగ్గిళ్ళకు మేం పెట్టింది తక్కువే. ఒక్క పిల్ల ఎంపికైనా కేంద్రం నుంచి వచ్చే 48,000 దీని మీద మా ఏడాది ఖర్చును దాటిపోతుంది. నేను వెతికే లెక్క ఇదే: మా రూపాయి ముందు నడిచి, సర్కారు రూపాయలు వెనక నడవడం.

ఇందులో ఎవరూ చెప్పని చిక్కొకటుంది. ఎంపికవడంతో పని అయిపోదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి, ఏటా రెన్యువల్ చెయ్యాలి, బడి వాళ్ళు ఆన్‌లైన్లో ధ్రువీకరించాలి, ఖాతాకు ఆధార్ సీడింగు ఉండాలి. ఆధార్లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంటిపేరు ఒకలా ఉంటే అక్కడే ఆగుతుంది. పది పాసై పిల్ల ఇంటర్‌కు వేరే ఊరు వెళ్ళిందా, కొత్త కాలేజీ వాళ్ళకు ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. రెన్యువల్ తప్పిందా, మిగిలిన డబ్బు పోయినట్టే. కూలికెళ్ళే తల్లికి గడువు తేదీ ఎవరు గుర్తుచేస్తారు? అందుకని ట్రస్టు సొమ్ముతో ఊళ్ళోనే ఉండే ఒక డిగ్రీ చదివిన అమ్మాయిని దరఖాస్తుల సీజనులో పెట్టుకున్నాం. ఆమె పని ఫోన్లు చెయ్యడం, మీసేవకు తీసుకెళ్ళడం, కాలేజీ క్లర్కు వెంటపడటం. ఫలకం మీద రాయడానికి వీల్లేని ఉద్యోగం. మీ ఊళ్ళో ట్రస్టుంటే, మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఇది చెయ్యండని చేతులు పట్టుకుని చెబుతాను.

ఇంకో సంగతి. ఏం కావాలో బడినే అడగండి అంటారు. అడిగితే జవాబు రాదు. హెచ్చెం గారు దాతను కాదనలేరు. "ఏదైనా పర్లేదండి, మీ ఇష్టం" అంటారు. మీరు స్టేజీ అన్నారనుకోండి, "చాలా సంతోషమండి" అంటారు. వచ్చే బదిలీల్లో ఆయన వెళ్ళిపోతారు, స్టేజీ కొత్తాయన నెత్తిన పడుతుంది. చట్ట ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. కానీ మా బాబాయి ఎదురుగా కుర్చీలో కూచుని ఆయన ప్రతిపాదన వద్దనగలిగే కమిటీ సభ్యురాలు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. ఆమె ఆయన చేలోకే నాట్లకొస్తుంది.

కాబట్టి ప్రశ్న మార్చాను. ఒక రోజు స్టాఫ్ రూములో కూచుని, "పోయిన ఏడాది మీ జేబులోంచి పెట్టుకున్నవేంటి?" అని అడిగాను. మొదట నవ్వులు, తర్వాత జాబితా ఆగలేదు. ప్రింటరు టోనరు. స్లిప్ టెస్టుల జిరాక్సులు. యాప్‌లో ఫోటోలెక్కించడానికి డేటా. సైన్సు మేడం ప్రయోగాలకు కొన్న నిమ్మకాయలు, సోడా, స్పిరిట్టు. పీఈటీ గారు మండల పోటీలకు పిల్లల్ని తీసుకెళ్ళిన ఆటో కిరాయి. తల్లి ఊళ్ళో లేని ఆడపిల్లకు కొన్న ప్యాడ్లు. ఈ జాబితాలో స్టేజీ లేదు, ఆర్చీ అసలే లేదు. ఆయాను విడిగా అడిగితే పొడుగు కర్రున్న బ్రష్షు, చేతులకు గ్లవ్స్ అంది. ఇన్నాళ్ళూ అడగలేదేం అంటే, "నన్నెవరడిగారమ్మా" అంది.

తమ్ముడి సమస్య వేరు. వాడు డబ్బు పంపుతానంటాడు, నేను వద్దంటాను. వాడు అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. మన విదేశీ విరాళాల చట్టం లెక్కలో వాడిప్పుడు విదేశీ మూలం, మా ట్రస్టుకు ఆ రిజిస్ట్రేషను లేదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు. రిజిస్ట్రేషను తెచ్చుకుందామా అంటే, 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి, వచ్చిన సొమ్ము ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, రిటర్నులు విడిగా. మా చిల్లరకు అంత తతంగం వద్దన్నాను. దానికి బదులు వాడు వారానికో సాయంత్రం వీడియోలో తొమ్మిదో తరగతి పిల్లలతో ఇంగ్లీషులో కబుర్లాడతాడు. మొదట్లో నసిగాడు, ఇప్పుడు టైము మారిస్తే వాడికే కోపం. ఇలా సమయమో వస్తువులో ఇవ్వాలనుకునే మిగతావాళ్ళకు కేంద్రం 2021లో తెచ్చిన విద్యాంజలి పోర్టల్ ఉంది. బడులు తమకేం కావాలో అందులో పెడతాయి. అక్కడ డబ్బు తీసుకోరు, అది నాకు నచ్చింది.

ఇక అసలు తగాదా. రోజెన్‌వాల్డ్ శాశ్వత నిధులకు బద్ధ వ్యతిరేకి. ఏ తరం కష్టాలు ఆ తరానికే తెలుస్తాయి, చచ్చినవాడి చెయ్యి బతికున్నవాళ్ళ మీద ఉండకూడదనేది ఆయన పట్టు. తాను పోయిన పాతికేళ్ళలోపు అసలుతో సహా ఖర్చయిపోవాలని రాశాడు. 1932లో పోయాడు, నిధి 1948లో మూతపడింది, పాతికేళ్ళు కూడా పట్టలేదు. నేను మా మీటింగులో ఇదే అన్నాను. వడ్డీ ఏటా కరుగుతోంది, ధరలు పెరుగుతున్నాయి. మా తర్వాతి తరంలో ఒక్కరు కూడా ఊళ్ళో లేరు, తెలుగు చదవలేని ట్రస్టీలు రాబోతున్నారు. ఇంకో పదిహేనేళ్ళలో అసలు కూడా కలిపి ఖర్చుపెట్టి మూసేద్దాం. అలా చేస్తే ఏటా చేతిలో ఉండే సొమ్ము ఇప్పటికంటే బాగా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ పనిని మండలంలో మిగతా హైస్కూళ్ళకూ తీసుకెళ్ళొచ్చు, దాతలు దొరకని ఊళ్ళవాటికి ముందు.

బాబాయి మొహం ఎర్రబడింది. "మా నాన్న పేరు చెరిపేస్తావా?" అన్నాడు. ఆశ్చర్యమేంటంటే పెద్దత్తయ్య నా పక్కన చేరింది, బహుమతులు ఆపకూడదన్న షరతు మీద. తమ్ముడు ఓటు ఎటూ వెయ్యలేదు. డీడు తీసి మళ్ళీ చదివాను, వడ్డీ మాత్రమే వాడాలని తాతయ్య ఎక్కడా రాయించలేదు. లాయరుకు చూపిస్తానని బాబాయి ఒక జిరాక్సు తీసుకెళ్ళాడు. ఆర్చీ కొటేషను కూడా ఆ కవర్లోనే పెట్టుకెళ్ళాడు, కాబట్టి ఉగాదికి మళ్ళీ కూచుంటాం.